దేగ్ కింది నీలి మంట

మా అబ్బా చేతులకు ఎప్పుడూ చింతకట్టెల పొగ వాసన ఉండేది. జుమా రోజు అత్తరు రాసుకున్నా, ఆ అత్తరు కింది నుంచి పొగ వాసనే పైకొచ్చేది. గుంటూరులో మా మొహల్లాలో షాదీ అయినా, వలీమా అయినా, అఖీఖా అయినా దేగ్ ఎక్కించేది ఆయనే. ఇషా నమాజు అయ్యాక భట్టీ వెలిగిస్తే తెల్లారేదాకా కట్టెలు ఎగదోస్తూ కూర్చోవాల్సిందే. యాభై దాటేసరికి ఆయన కళ్ళు ఎర్రబడి ఎప్పుడూ నీళ్ళు కారుతుండేవి. ఇక ఖాంసీ సంగతి చెప్పనే అక్కర్లేదు. రాత్రిళ్ళు అమ్మీ లేచి వీపు రుద్దుతూ కూర్చునేది. ఒకరోజు డాక్టర్ సాబ్ నన్ను పక్కకు పిలిచి "మీ నాన్నగారిని పొగకు దూరంగా ఉంచండి" అన్నారు. బావర్చీని పొగకు దూరంగా ఉంచమనడం దర్జీని సూదికి దూరంగా ఉంచమనడం లాంటిదే.

నేనప్పుడు ఐటీఐలో ఫిట్టర్ కోర్సు పూర్తిచేసి ఖాళీగా ఉన్నాను. గ్యాసు భట్టీ నేనే చేసిస్తానని గొప్పగా చెప్పాను. ఇనుప గొట్టాన్ని రింగులా వంచి, చుట్టూ బెజ్జాలు వేసి, ఒక చివర మూసి రెండో చివర గ్యాసు ఇస్తే సరిపోతుంది కదా, ఇంత చిన్న పనికి బజారులో అన్నన్ని డబ్బులెందుకు తీసుకుంటారా అనుకున్నాను. మా చాచా వెల్డింగ్ షాపులో ఒక్క మధ్యాహ్నంలో తయారైపోయింది. వెలిగించాం. జానెడేసి పసుపు మంటలు ఊగుతూ లేచాయి. చూడ్డానికి మహా రౌనక్‌గా ఉంది. పావుగంటకల్లా దేగ్ అడుగంతా మసి. వేలితో రాస్తే సుర్మాలా అంటింది. నీళ్ళు మాత్రం కాగలేదు. పొగ వద్దనుకుని మొదలెడితే మళ్ళీ పొగే. అబ్బా నా మీద కోప్పడలేదు. "కట్టెలే నయం బేటా" అని లేచి వెళ్ళిపోయారు. తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు.

చాలా ఏళ్ళ తర్వాత కితాబులు తిరగేస్తే తెలిసింది, నేను చేసిన గల్తీలోనే ప్రపంచం కూడా అరవై ఏళ్ళు ఉండిపోయిందని. అసలు అది గల్తీ అని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. 1792లో విలియం మర్డాక్ అనే ఇంజనీరు ఇంగ్లండులోని రెడ్‌రూత్‌ అనే ఊళ్ళో బొగ్గును మూసిన పాత్రలో కాల్చి, వచ్చిన గ్యాసును గొట్టాల్లో నడిపించి తన ఇంట్లో దీపాలు పెట్టాడు. ఆ గ్యాసు పుట్టిందే వెలుగు కోసం. మంట పసుపుగా ఉండటమే అక్కడ కావాల్సింది. మంటకు గాలి చాలనప్పుడు గ్యాసులోని కర్బనం పూర్తిగా కాలదు. సన్నని మసి రేణువులై, ఆ వేడికి ఎర్రగా, పసుపుగా మెరుస్తుంది. దీపానికి ఆ మెరుపే ప్రాణం. అదే రేణువు దేగ్ అడుగుకు తగిలి చల్లారితే మసి. దీపానికి హునర్ అయింది చూల్హాకు ఐబ్ అవుతుందన్నమాట. 1826లో నార్తాంప్టన్‌లో జేమ్స్ షార్ప్ అనే ఆయన గ్యాసు పొయ్యి చేశాడు. అయినా జనం చాలాకాలం నమ్మలేదు. మసి, వాసన, పేలుతుందేమోనన్న భయం. ఆ భయం మా దాదీమాకు 1990ల్లోనూ ఉండేది.

ఇక్కడ ఒక చిన్న మాట. భట్టీల ఇల్మ్ యూరప్‌లోనే పుట్టిందనుకోకండి. అక్కడి పాత రసాయన శాస్త్రజ్ఞులు రోజుల తరబడి ఒకే వేడి ఇచ్చే కొలిమిని అథనార్ అనేవాళ్ళు. అది అరబ్బీ 'అత్తన్నూర్' నుంచి వెళ్ళిన మాట. మన తందూర్ కూడా ఆ ఖాందాన్‌దే. అయితే ఆ కొలిములన్నీ బొగ్గు, కట్టెలతో నడిచేవి. గ్యాసును ఎలా మండించాలన్నది వేరే ముచ్చట. దానికి మనం జర్మనీలోని హైడల్‌బర్గ్ వెళ్ళాలి.

రాబర్ట్ బున్సెన్ 1852లో హైడల్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి వచ్చాడు. అప్పటికే ఆయనకు కుడి కన్ను చూపు లేదు. వయసులో ఉండగా ఆర్సెనిక్ కలిసిన ప్రమాదకరమైన పదార్థాల మీద తజుర్బాలు చేస్తుంటే పాత్ర పేలి గాజు ముక్క కంట్లోకి దూసుకుపోయింది. ఆర్సెనిక్ విషం దాదాపు ప్రాణం తీసినంత పని చేసింది. అలాంటి మనిషి తన కొత్త ప్రయోగశాలకు కోరుకున్నది ఏమిటంటే, వెలుగు లేని మంట. వేడి ఉండాలి, మసి ఉండకూడదు, రంగు ఉండకూడదు. ఊళ్ళో వీధి దీపాల కోసం బొగ్గు గ్యాసు వచ్చింది. దాన్నే ల్యాబులోకి తెప్పించుకున్నాడు.

లండన్ నుంచి వచ్చిన ఆయన షాగిర్ద్ హెన్రీ రాస్కో అక్కడ వాడే ఒక బర్నర్ తెచ్చి చూపించాడు. రాగి గొట్టంలో గ్యాసు, గాలి కలిసి పైకొచ్చేవి. గొట్టం మూతికి తీగల జల్లెడ ఉండేది. ఆ జల్లెడ వెనక హంఫ్రీ డేవీ 1815లో గని కార్మికుల కోసం చేసిన లాంతరు తెలివి ఉంది. మంట సన్నని లోహపు సందుల్లోంచి వెళ్ళబోతే లోహం దాని వేడిని లాగేసుకుంటుంది, మంట అవతలికి దాటలేదు. డేవీ దగ్గర పనిచేసిన మైకేల్ ఫారడే కూడా 1827 నాటి తన కితాబులో గ్యాసు బర్నర్ గురించి రాశాడు. కానీ జల్లెడ మీద మంట చదునుగా, బలహీనంగా ఉండేది. బున్సెన్‌కు నచ్చలేదు.

జల్లెడ తీసేసి కూడా మంట లోపలికి పోకుండా చేయాలి, అదీ సవాల్. 1854 చివర్లో బున్సెన్ తన ఆలోచన విశ్వవిద్యాలయపు మెకానిక్ పీటర్ డెసాగాకు చెప్పి, నమూనా చేయమన్నాడు. నిలువు గొట్టం. అడుగున చిన్న బెజ్జం నుంచి గ్యాసు జోరుగా పైకి చిమ్ముతుంది. ఆ జోరుకు పక్కనున్న సందుల్లోంచి గాలి తనంతట తానే లోపలికి లాక్కుపోతుంది. గొట్టం పొడుగునా రెండూ కలిసి మూతి దగ్గర మండుతాయి. ఆ సందుల్ని ఎక్కువ తక్కువ చేసుకునే ఏర్పాటు డెసాగా చేతి పని. ఫూంకర్‌తో పని లేదు, తిత్తి అక్కర్లేదు. గ్యాసు తన గాలిని తానే తెచ్చుకుంటుంది. 1855 మొదట్లో ల్యాబు తెరిచేనాటికి డెసాగా 50 బర్నర్లు చేసి పెట్టాడు. బున్సెన్, రాస్కో 1857లో దాని వివరం అచ్చు వేయించారు. బున్సెన్ పేటెంట్ తీసుకోలేదు.

పేరు మాత్రం బున్సెన్ బర్నర్ అనే నిలిచింది. ప్రొఫెసర్ గారి ఖయాల్ గొప్పదే, కాదనను. కానీ ఆ సందు ఎంత వెడల్పు ఉండాలి, బెజ్జం ఎంత సన్నగా వేయాలి అన్నది ఇత్తడి ముక్క చేతిలో పట్టుకున్నవాడికే తెలుస్తుంది. మన దగ్గరా అంతే. కలాయీ వేసేవాళ్ళు, టింకరింగ్ చేసేవాళ్ళు, లేత్ మీద పనిచేసేవాళ్ళు ఎంతమంది లేరు మన మొహల్లాల్లో! ఎన్ని మరలు వాళ్ళ చేతుల మీదుగా సరిగ్గా నడవడం మొదలెట్టాయో! ఒక్కదాని మీదైనా వాళ్ళ పేరు ఉందా? బడి పుస్తకంలో బున్సెన్ బర్నర్ బొమ్మ వచ్చినప్పుడు పిల్లలకు డెసాగా పేరు కూడా చెప్పండి. ఇన్సాఫ్ అంటే అదే కదా.

నా కథకు వస్తాను. రింగుకు గాలి కావాలని ఎవరో చెప్పారు. గ్యాసు వచ్చే చోట గొట్టానికి పెద్ద సందు కోశాను. ఈసారి మంట నీలంగా వచ్చింది. సంతోషం ఒక్క నిమిషమే. మంటలు బెజ్జాల మీద నిలవకుండా పైకి లేచి, బుస్సుమంటూ ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఇప్పుడైతే కారణం చెప్పగలను. మంటకు తనదైన నడక ఉంటుంది, గ్యాసు మిశ్రమంలో అది వెనక్కి, బెజ్జం వైపుకు నడుస్తుంటుంది. మిశ్రమం అంతకంటే వేగంగా బయటికి వస్తే మంట లేచిపోతుంది. నెమ్మదిగా వస్తే మంట లోపలికి దూరుతుంది. రెండు వేగాలూ బెజ్జం అంచు దగ్గర సరిపోలితేనే అక్కడ కూర్చుంటుంది. బున్సెన్ నాటి బొగ్గు గ్యాసులో హైడ్రోజన్ ఎక్కువ, దాని నడక చురుకు, అందుకే అక్కడ లోపలికి దూరే బెడద ఎక్కువ. మన సిలిండర్ గ్యాసు నడక తక్కువ. పైగా దానికి చాలా గాలి కావాలి. ఒక వంతు గ్యాసు పూర్తిగా కాలాలంటే దాదాపు 25 నుంచి 30 వంతుల గాలి. అందులో సగానికి పైగా ముందే గొట్టంలో కలవాలి, మిగిలింది మంట చుట్టూ ఉన్న గాలి నుంచి దొరుకుతుంది. అందుకే దేగ్‌ను బర్నర్‌కు మరీ ఆనించి పెట్టినా, చుట్టూ ఇటుకలతో సందు లేకుండా మూసేసినా మంట మళ్ళీ పసుపెక్కుతుంది.

ఇవేవీ తెలియని నేను, గ్యాసు వేగం తగ్గాలని బెజ్జాలన్నీ లావు డ్రిల్లుతో పెద్దవి చేశాను. మంట నిలిచింది. చాచా నవ్వారు, నేనూ నవ్వాను. దమ్ వేసేటప్పుడు ఎలా ఉంటుందో చూద్దామని మంట తగ్గించాను. టప్ మని చప్పుడైంది. పైన మంట లేదు. ఆరిపోయిందనుకున్నాం. నిజానికి అది గొట్టం లోపలికి దూరి, గ్యాసు చిమ్మే చోట మండుతోంది. గొట్టం ఎర్రబడుతుంటే, దానికి తగిలించిన రబ్బరు ట్యూబు మెత్తబడి కారడం మొదలైంది. నేను బిగుసుకుపోయి చూస్తూ నిలబడ్డాను. చాచా దూకి వాల్వు కట్టేశారు. ఆయన అరచెయ్యి గొట్టానికి అంటుకుంది. నెల రోజులకు పైగా ఆయన వెల్డింగ్ రాడ్డు పట్టలేకపోయారు. ఆ నెల వాళ్ళింట్లో ఖర్చు ఎలా గడిచిందో చాచీ ఎప్పుడూ మాతో అనలేదు. నేనూ అడగలేదు, అడిగే మొహం నాకు లేదు.

మనసు మళ్ళించే ముచ్చట ఒకటి చెబుతాను, మన గుంటూరుదే. బున్సెన్‌కు రంగు లేని మంట ఎందుకు కావాలో చూడండి. మన ఇంట్లో అన్నం పొంగి ఉప్పునీళ్ళు గ్యాసు మంట మీద పడితే మంట పసుపుగా మెరుస్తుంది. అది ఉప్పులోని సోడియం రంగు. మంటకే సొంత పసుపు ఉంటే ఆ రంగు తేలేది కాదు. బున్సెన్, ఆయన మిత్రుడు కిర్కాఫ్ ఆ మంటలో ఒక్కో పదార్థం పెట్టి, వచ్చిన వెలుగును పట్టకంతో విడదీసి చూశారు. ఒక్కో మూలకానికి ఒక్కో రంగు గీతలు! 1860లో సీసియం, 1861లో రుబీడియం అలా బయటపడ్డాయి. సీసియం కోసం ఒక ఊటనీళ్ళు సుమారు 44 టన్నులు ఇంకించారట. అదే తరీఖాను సూర్యుడి మీద వాడటానికి 1868 ఆగస్టు 18న సంపూర్ణ గ్రహణం రోజు ఫ్రాన్స్ నుంచి జాన్సెన్, ఇంగ్లీషు సర్కారు తరఫున మేజర్ టెనంట్ వచ్చి దుర్బీన్లు నిలబెట్టింది మన గుంటూరులోనే. మచిలీపట్నంలో పాగ్సన్ చూశాడు. సూర్యుడి అంచు మీది జ్వాలల వెలుగులో ఒక పసుపు గీత కనబడింది. ముందు సోడియమే అనుకున్నారు, కానీ చోటు కాస్త తేడాగా ఉంది. ఇంగ్లండులో లాక్యర్ దాన్ని తేల్చి చూశాక కొత్త మూలకమని తేలింది. హీలియం. హైడల్‌బర్గ్ మెకానిక్ కోసిన సందు ఎక్కడ, గుంటూరు ఆకాశం ఎక్కడ!

ల్యాబు మంటను వంటింటికి తెచ్చినవాళ్ళలో వారింగ్టన్ ఊరి పళ్ళ డాక్టరు థామస్ ఫ్లెచర్ ఒకడు. ఆ సూత్రంతోనే కొలిములు, పొయ్యిలు చేశాడు. స్వీడన్‌లో లింద్‌క్విస్ట్ 1892లో చేసిన ప్రైమస్ స్టవ్ గ్యాసు లైను లేని ఇళ్ళకు నీలి మంట ఇచ్చింది. మన అమ్మీలు పిన్ను పెట్టి పొడిచిన పంపు స్టవ్ అదే. కిరోసిన్ వేడికి ఆవిరై సన్నని బెజ్జంలోంచి చిమ్మి గాలిని లాక్కునేది. పిన్ను పెట్టడమంటే డెసాగా బెజ్జాన్ని శుభ్రం చేయడమే. సిలిండర్ గ్యాసు మన దేశంలోకి 1950ల మధ్యలో బొంబాయి మీదుగా వచ్చింది. ఇండేన్ మొదటి కనెక్షన్ 1965లో కలకత్తాలో ఇచ్చారు.

చాచా చెయ్యి మానాక నేను గొట్టాలు వంచడం మానేశాను. ఒక పాత హోటల్ పొయ్యి కొని, విప్పి, బల్ల మీద పరిచి చూశాను. ఇత్తడి జెట్టు బెజ్జం ఎంత సన్నగా ఉందో, కలిసే గొట్టం మధ్యలో ఎలా నడుం సన్నబడి మళ్ళీ వెడల్పయిందో, మూతి మీది బెజ్జాలు ఎన్ని ఉన్నా ఒక్కొక్కటి ఎంత చిన్నదో అప్పుడు అర్థమైంది. నేను అన్నీ తలకిందులుగా చేశానన్నమాట. ముద్ర ఉన్న జెట్టు, రెగ్యులేటర్, పొయ్యి ట్యూబు బజారులోనే కొన్నాం. చాచా స్టాండు మాత్రం చేశారు. దేగ్ కింద ఎంత ఎడం ఉండాలో, గాలి ఎటునుంచి రావాలో నాలుగైదుసార్లు కోసి, అతికి ఆయనే తేల్చారు. ఆయన చెయ్యి మీది మచ్చ ఇప్పటికీ ఉంది. సిలిండర్ దూరంగా, నిలువుగా, ఆరుబయట. ఈ గ్యాసు గాలికంటే బరువు, పల్లంలో చేరుతుంది, వాసన రావాలనే అందులో మెర్కాప్టాన్ కలుపుతారు. వాసన వస్తే స్విచ్ ముట్టుకోకుండా కిటికీలు తెరవండి, వాల్వు కట్టేయండి.

మొదటి వలీమాకు ఆ పొయ్యి మీద అబ్బా మూడు దేగ్‌లు దించారు. కళ్ళు తుడుచుకోకుండా ఆయన వంట చేయడం అమ్మీ అదే మొదటిసారి చూసింది. అంతా బాగానే ఉంది గానీ దమ్ వేసే వేళకు అబ్బా నన్ను పిలిచి, "వెళ్ళి కాసిని బొగ్గులు రాజేసుకురా" అన్నారు. కింద మంట ఉంది కదా అబ్బా అన్నాను. మూత మీద పెట్టడానికి అన్నారు. కింద నీలి మంట, పైన ఎర్రటి నిప్పులు. ఆయన బతికినన్నాళ్ళూ అలాగే చేశారు.