సెకండ్ హ్యాండ్ సెవెన్ సీటర్ కొంటున్నారా? బేరానికి ముందు, ఆ తర్వాత చూసుకోవాల్సినవి

అమ్మీ, అబ్బా, ముగ్గురు పిల్లలు, పెళ్లికి బయల్దేరితే తోడుగా నానీ, ఫూఫీ. ఇలాంటి ఇంటికి ఐదు సీట్ల కారు చాలదు. కొత్త సెవెన్ సీటర్ ధర చాలామందికి అందదు. వడ్డీ లోన్ వద్దనుకునే కుటుంబాలు కూడబెట్టుకున్న డబ్బుతో పాత బండి వైపే చూస్తాయి. కానీ తప్పు బండి తగిలితే ఆ డబ్బంతా మెకానిక్ షెడ్డులో కరిగిపోతుంది. కాగితాలు సరిగా లేకపోతే నష్టం అంతకంటే పెద్దది.

ఏ బండి?

1992లో టాటా ఎస్టేట్ వచ్చినా, వెనక సామాను చోటు ఎక్కువుండే స్టేషన్ వ్యాగన్లు మన దేశంలో నిలదొక్కుకోలేదు. ఆ అవసరాన్ని ఇప్పుడు సెవెన్ సీటర్లే తీరుస్తున్నాయి. పాత బండ్ల మార్కెట్‌లో ఎక్కువగా కనిపించేవి 2005లో వచ్చిన ఇన్నోవా, 2012లో వచ్చిన ఎర్టిగా.

2016లో క్రిస్టా రాకముందు అమ్మిన ఇన్నోవా డీజిల్ ఇంజిన్‌లో టైమింగ్ బెల్టు ఉంటుంది. అది తెగితే ఇంజిన్ దెబ్బతింటుంది. బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు అడగాలి. బిల్లు లేదంటే మార్చలేదనే అనుకుని ఆ ఖర్చును ధరలో తగ్గించాలి. ఎర్టిగా పెట్రోల్ ఇంజిన్లలో బెల్టు కాదు, చైన్ ఉంటుంది.

మీటర్‌ను నమ్మొద్దు

ఈ రెండు బండ్లూ క్యాబ్‌లుగా బాగా తిరిగినవే. పసుపు ప్లేటు తీసి తెల్ల ప్లేటు మార్చినవీ అమ్మకానికి వస్తాయి. మీటర్ 60 వేల కిలోమీటర్లు చూపిస్తూ, బ్రేకు పెడల్ రబ్బరు అరిగి, స్టీరింగ్ నున్నగా మారి, డ్రైవర్ సీటు కుంగిపోయి ఉంటే అనుమానించాల్సిందే. బండి కంపెనీ సర్వీసుకు వెళ్లి ఉంటే, ఓనర్‌ను వెంటబెట్టుకుని సర్వీస్ హిస్టరీ తీయించాలి.

వరద నీటిలో మునిగిన బండ్లతో ఇంకా జాగ్రత్త. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్‌లో విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగితే బురద మరక దొరుకుతుంది. కార్పెట్ కింద, స్టెప్నీ గుంటలో తుప్పు, ముక్క వాసన ఉన్నాయేమో చూడాలి. అనుమానం వస్తే ఎంత చవకైనా వదిలేయడమే మేలు.

బండి చూడటానికి పొద్దున్నే వెళ్లాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించాలి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. ఆయిల్ మూత లోపల మీగడలా తెల్లగా ఉంటే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోందేమో మెకానిక్‌తో చూపించాలి. వెనక సీట్లలో కూర్చుని ఏసీ కూడా చూడాలి. పిల్లలూ పెద్దవాళ్లూ కూర్చునేది అక్కడే.

కాగితాలే అసలు పరీక్ష

ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ గడువులు తెలుస్తాయి. పెండింగ్ చలాన్లు కూడా చూసి, అమ్మేవాళ్లతోనే కట్టించాలి. ఆర్‌సీ మీద బ్యాంకు పేరు ఉంటే, బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 ఇచ్చి అది తీయించాకే మిగతా డబ్బు ఇవ్వాలి. పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 కావాలి. వేరే రాష్ట్రం బండి అయితే ఫారం 28తో ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ లెక్క వేసుకోకుండా చవకగా వస్తోందని తొందరపడకూడదు.

చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలి. "మనోళ్లే కదా, తర్వాత మార్చుకుందాం" అనుకోవడం ప్రమాదం. చేతులు మారినా ఆర్‌సీలో పేరు మారని కారు కేసులో 2018లో సుప్రీంకోర్టు, రిజిస్టరులో పేరున్న వ్యక్తినే యజమానిగా చూడాలని, ప్రమాద పరిహారం బాధ్యత అతనిదేనని చెప్పింది. అంటే అమ్మేసిన అన్న మీదే కేసు పడుతుంది. కొన్న తమ్ముడు ఇన్సూరెన్స్‌ను 14 రోజుల్లో తన పేరుకు మార్చుకోకపోతే సొంత బండి డ్యామేజీ క్లెయిమ్ ఆగిపోవచ్చు. నో క్లెయిమ్ బోనస్ అమ్మినవాళ్లదే. అది కొన్నవాళ్లకు రాదు.

డబ్బు విషయంలోనూ ఒక మాట. ఒక లావాదేవీకి 2 లక్షలు లేదా ఆ పైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు. తీసుకున్నవాళ్లకు అంతే మొత్తం జరిమానా పడవచ్చు. బ్యాంకు ద్వారా ఇస్తే ఇద్దరికీ రుజువు ఉంటుంది.

ఇంట్లోనే చేసుకోగల పనులు

బండి ఇంటికి వచ్చాక మొదట ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు మార్చాలి. పాత ఓనర్ ఎప్పుడు మార్చాడో అన్న అనుమానం పోతుంది. అక్కడి నుంచి మాన్యువల్‌లో రాసిన గ్రేడు ఆయిల్‌ను, అందులో చెప్పిన గడువుకే మార్చాలి.

వారానికోసారి డిప్‌స్టిక్ తీసి ఆయిల్, ట్యాంకు మీది గీత చూసి కూలెంట్ చూడాలి. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయకూడదు. మరిగే కూలెంట్ మొహం మీదికి చిమ్ముతుంది. ఎయిర్ ఫిల్టర్, గ్లవ్ బాక్స్ వెనకుండే ఏసీ ఫిల్టర్ మార్చడం ఇంట్లో ఎవరైనా నేర్చుకోవచ్చు. బ్రేకులు, స్టీరింగ్ పనులు మాత్రం మెకానిక్‌కే వదిలేయాలి.

టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. గాట్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే టైరు మార్చాల్సిందే. ఏడుగురు, సామాను ఎక్కితే ఎక్కువ గాలి కావాలి. ఎంతో డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కరు మీద ఉంటుంది.

సీఎన్‌జీ బండి అయితే సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ తప్పనిసరి. బయట పెట్టించిన కిట్ అయితే ఆర్‌సీలో ఎక్కి ఉండాలి.

చివరగా, ఒక చిన్న నోట్‌బుక్ బండిలోనే పెట్టుకోవాలి. తేదీ, కిలోమీటర్లు, చేసిన పని, ఖర్చు రాసి బిల్లులు దాచాలి. ఏ పని ఎప్పుడు చేయాలో అదే గుర్తు చేస్తుంది. రేపు బండి అమ్మేటప్పుడు కొనేవాళ్లకు ఆ పుస్తకమే నమ్మకం.