యుద్ధానికి వేషం కడదాం – మరి మనవాళ్ల వేషం ఏదీ?

మేము చదువుకున్న చోడవరం దగ్గరి బడిలో పంద్రాగస్టు వచ్చిందంటే అల్లూరి సీతారామరాజు వేషం ఉండాల్సిందే. కాషాయం గుడ్డ, అట్టకి అంటించిన గడ్డం, వెదురు విల్లు. ఆ వేషం ఎప్పుడూ పెద్దింటి కుర్రాడిదే. పేటల పిల్లలం వెనక గుంపులో నిలబడి జై కొట్టాలి. ఓసారి మాలో ఒకడు అడిగేశాడు: "మాస్టారూ, ఈ గుంపులోవోళ్లకి పేర్లు లేవా?" మాస్టారు నవ్వి ఊరుకున్నారు. మేము మాత్రం ఊరుకోలేకపోయాం.

పాత యుద్ధాన్ని మళ్లీ ఆడి చూపడం చాలా దేశాల్లో ఒక సరదా వ్యాపకం. అమెరికా అంతర్యుద్ధానికి నూరేళ్లయిన సందర్భంగా 1961లో మనాసస్ యుద్ధాన్ని వేలమంది జనం ముందు ఆడారు. ఇంగ్లండులో 1968లో పుట్టిన 'సీల్డ్ నాట్' సంఘం అక్కడి 17వ శతాబ్దపు అంతర్యుద్ధాన్ని ఇప్పటికీ ఆడుతోంది. ఆ కాలపు బట్టలు కుట్టుకోవడం, కవాతు నేర్చుకోవడం, మైదానంలో తలపడడం, పడిపోవడం, సాయంత్రానికి లేచి ఇంటికెళ్లిపోవడం. పైకి ఆటే. కానీ ఎవరు గుర్రమెక్కాలి, ఎవరు బరువు మొయ్యాలి అనే తగువు ఆటలోనూ ఉంది. నల్లజాతి సైనికుల 54వ మసాచుసెట్స్ దళం 1863లో వాగ్నర్ కోట మీద చేసిన దాడి గురించి 1989లో 'గ్లోరీ' సినిమా వచ్చాకగానీ లోకానికి గట్టిగా తెలియలేదు. ఆ తర్వాతే ఆ దళం యూనిఫారం వేసుకుని నల్లవాళ్లు మైదానంలోకి దిగడం పెరిగింది.

ఇది పైనుంచి దిగుమతైన సరుకని ఎవరైనా అంటే మేము ఒప్పుకోం. పల్నాడులోని కారెంపూడికి వెళ్లి చూడండి. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధాన్ని ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు ఆచరిస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు - ఒక్కో రోజుకీ ఒక్కో ఘట్టం. వీరుల ఆయుధాలైన కొణతాలు ఊరేగుతాయి. ఆ కథలో బ్రహ్మనాయుడి పక్షాన సేనాని మాల కన్నమదాసు. ఆ కథని తరతరాలుగా పాడి నిలబెట్టినవాళ్లలో మాల విద్యావంతులున్నారు. అలిసెట్టి గాలెయ్య పాడిన పాఠాన్నే జీన్ రోఘైర్ 1982లో ఇంగ్లీషు పుస్తకంగా తెచ్చాడు. అంటే గుర్తుపెట్టుకునే పని మనదే, పాడే పని మనదే. పాఠ్యపుస్తకం దాకా వచ్చేసరికి మాత్రం నాయకురాలు, బ్రహ్మనాయుడు, బాలచంద్రుడు ముందు వరస. కన్నమదాసు ఏ మూలో. మందపోరు నాడు చాపకూడు పెడతారు, కులం చూడకుండా ఒకే చాప మీద తినడం. ఆ మాట గొప్పదే. మిగతా రోజులన్నీ ఆ చాప ఎవరింట చుట్టి ఉంటోందని అడగడం మన బాధ్యత.

విశాఖ జిల్లాలో ఉండి 2022లో అనకాపల్లి జిల్లాలోకి వచ్చిన చోడవరం కుర్రాళ్లు ఈ పని మొదలుపెట్టాలంటే దూరం పోనక్కర్లేదు. నర్సీపట్నం మీదుగా వెళ్తే కృష్ణదేవిపేట. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద మన్యం వీరులు పడి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు పట్టుకుపోయారు. అందరూ ఆడేది ఈ ఘట్టమే.

మేమైతే ఆట అక్కడ మొదలుపెట్టం. 1882 మద్రాసు అటవీ చట్టం పోడు మీద కట్టుబాట్లు పెట్టడం మొదటి రంగం. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కూలి ఎగ్గొట్టి గిరిజనుల చేత రోడ్డు వేయించడం రెండో రంగం. తుపాకీ మూడో రంగంలోనే రావాలి. కారణం లేకుండా యుద్ధం ఆడితే అది ఉత్త టపాకాయల మోత. సీతారామరాజు పక్కన గాం గంటందొర, గాం మల్లుదొర పేర్లతో సహా నిలబడాలి. మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి వెళ్లినవాడు. గుంపులో మనిషి కాదు.

ఇక పని సంగతి. ముందు చిన్న ఘట్టం తీసుకోండి, పదిమంది చాలు. ఎవరు వంట చేశారు, ఎవరు సామాను మోశారు, ఎవరు కబురు పట్టుకెళ్లారు అని రాసుకోండి. చెన్నైలోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలున్నాయి. అవి సర్కారు కళ్లతో రాసినవని మరవకుండా చదవండి. ముసలోళ్ల నోటి మాటని దాని పక్కన పెట్టి చూడండి. గిరిజనుల కథని వాళ్లని అడక్కుండా మనం కట్టెయ్యకూడదు. మనకి జరిగిన అన్యాయమే మనం ఇంకొకరికి చేసినట్టవుతుంది. బట్టలు సినిమా చూసి కాదు, ఆనాటి ఫోటోలు చూసి కుట్టండి. తుపాకీ చెక్కది, కత్తీ చెక్కదే. ఆయుధ చట్టం ఉందని గుర్తుంచుకోండి. ఊరేగింపయితే పోలీసులకి ముందే కాగితం ఇవ్వండి. దెబ్బ తగలకుండా పడడం వారాల తరబడి నేర్చుకోండి.

2019 నవంబరులో అమెరికాలోని లూసియానాలో డ్రెడ్ స్కాట్ అనే కళాకారుడు 1811 నాటి బానిసల తిరుగుబాటుని ఇలాగే ఆడించాడు. వందలాదిమంది నల్లజాతివాళ్లు రెండు రోజులు నడిచారు. బట్టలు కూడా కలిసి కూర్చుని కుట్టుకున్నారు. అసలు తిరుగుబాటు ఓడిపోయింది, తలలు తెగాయి. వాళ్లు మాత్రం ఆటని ఉరికొయ్యల దగ్గర ఆపలేదు, పాటలతో ముగించారు.

మన దగ్గర భీమా కోరేగావ్ ఉంది. 1818 జనవరి 1 యుద్ధానికి నిలబెట్టిన స్తంభం మీద చనిపోయిన 49 మంది పేర్లు చెక్కితే, అందులో 22 మహర్ల పేర్లు. వాళ్లు పోరాడింది కంపెనీ జీతానికే, ఆ మాట దాచక్కర్లేదు. అయినా 1927 జనవరి 1న అంబేద్కర్ ఆ రాయి దగ్గరికి వెళ్లాడు. రాజుల పేర్లుండే చోట మనవాళ్ల పేర్లు ఉండడమే అక్కడి విశేషం.

మాస్టారు జవాబు చెప్పని ప్రశ్నకి మాకు దొరికిన జవాబు ఇది. గుంపులోవాళ్లకి పేర్లున్నాయి. అవి వెతికి పట్టుకున్నాకే వేషం కడదాం. దొరకని చోట, "ఇతని పేరు రాయలేదు" అని ఆ పాత్రధారి చేతే జనం ముందు చెప్పిద్దాం.