కంపెనీ పోయినా నంబరు పోలేదు

ఈ వారం పడవ ఇంజను సంగతి రాస్తున్నాం. పడవ వెనక చెక్కకు బిగించి, పని అయ్యాక ఊడదీసి ఇంటికి తెచ్చుకునే అవుట్‌బోర్డు మోటారు అన్నమాట. పాత జాన్సన్ మోటారు ఒకటి బాగుచేయాలి, స్పేర్ పార్ట్సు ఎక్కడ దొరుకుతాయి అని మన సభ్యులు ఇద్దరు ముగ్గురు అడిగారు. అంగడికి పోయే ముందు దాని చరిత్ర తెలుసుకోవాలి.

నార్వేలో పుట్టి అమెరికాలో పెరిగిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో మిల్వాకీలో ఈ మోటార్లు అమ్మడం మొదలుపెట్టాడు. 1929లో ఎవిన్‌రూడ్, ఎల్టో, లాక్‌వుడ్ అనే మూడు కంపెనీలు ఒకటయ్యాయి. 1936 నాటికి, అంతవరకు పోటీగా ఉన్న జాన్సన్ కూడా అందులో చేరిపోయింది. అదే తర్వాత అవుట్‌బోర్డ్ మరైన్ కార్పొరేషన్, పొట్టిగా ఓ.ఎం.సి. అయింది. 2000 డిసెంబరులో అది దివాలా తీసింది. 2001లో కెనడా వాళ్ళ బొంబార్డియర్ ఆ రెండు పేర్లనూ కొనింది. 2020లో ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీ కూడా ఆగిపోయింది.

ఈ చరిత్ర తెలియనివాళ్ళు జాన్సన్ మోటారుకు జాన్సన్ పేరున్న పార్టునే వెతుకుతారు. దొరకకపోతే పాత ఇనుముకు వేసేస్తారు. నిజానికి 1950ల నుంచి ఈ రెండు పేర్లతో వచ్చిన చిన్న మోటార్లలో లోపలి సామాను చాలా వరకు ఒకటే. పైమూత వేరు, రంగు వేరు. మాగ్నెటో కాయిల్‌నే తీసుకోండి. పైపూత పగిలి స్పార్కు రాకపోవడం ఆ కాలపు కాయిళ్ళకు మామూలు జబ్బు. కానీ 3 హార్స్‌పవర్ నుంచి 40 హార్స్‌పవర్ దాకా చాలా మోటార్లకు ఒకే కాయిల్ వేశారు కాబట్టి, వేరే కంపెనీలు ఇవాళ్టికీ దాన్ని చేసి అమ్ముతున్నాయి.

రైల్వే స్టోర్సులో ప్రతి సరుకుకీ 8 అంకెల పి.ఎల్. నంబరు ఉంటుంది. సరుకు పేరు ఎవరికి తోచినట్టు వాళ్ళు రాస్తారు, నంబరు మాత్రం మారదు. మోటారుకూ అంతే. బిగింపు మరల దగ్గర రేకు పలక ఉంటుంది, దాని మీద మోడల్ నంబరు ఉంటుంది. 1980 తర్వాతి ఓ.ఎం.సి. మోటారు అయితే సంవత్సరాన్ని అక్షరాల్లో దాచారు. ఇంట్రడ్యూసెస్ అనే ఇంగ్లీషు మాటలో 10 అక్షరాలు: ఐ, ఎన్, టి, ఆర్, ఓ, డి, యు, సి, ఇ, ఎస్. ఐ అంటే 1, ఎన్ అంటే 2, అలా ఇ అంటే 9, ఎస్ అంటే 0. మోడల్ నంబరు చివర సి.డి. అని ఉంటే 86, అంటే 1986 మోడల్. ఆ తర్వాత ఇంకో అక్షరం ఉంటే అది మార్పు గుర్తు.

ఇనుము కన్నా రబ్బరే ఎక్కువ కష్టపెడుతుంది. నీటి పంపులోని ఇంపెల్లర్ ఏళ్ళ తరబడి కదలకుండా ఉంటే గట్టిపడిపోతుంది. అది మార్చకుండా మోటారు నడిపితే నీళ్ళు ఎక్కవు, ఇంజను కాలిపోతుంది. 1950ల మోటార్లకు రెండు గొట్టాల ట్యాంకు ఉండేది. ఇంజను ఒక గొట్టంలో గాలి తోస్తే, ఆ ఒత్తిడికి ఇంకో గొట్టంలో పెట్రోలు వచ్చేది. ఆ ట్యాంకు దొరకకపోతే పెట్రోలు పంపు పెట్టి ఒక గొట్టానికి మార్చుకుంటారు. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది కాబట్టి పాత గొట్టాలు, కార్బురేటర్‌లోని కార్కు ముక్క కూడా మార్చడం మేలు.

కంపెనీ పోయినా మోటారు నడుస్తోందంటే నంబరు నిలిచినందువల్లే. తమిళనాట పెరిగిన మనకు ఇది బాగా తెలిసిన విషయం. బడి రిజిస్టరులో తండ్రి పేరు మొదటి అక్షరం ఇనీషియల్‌గా వేశారు, ఇంటిపేరుకు చోటు లేకపోయింది. ఇంటిపేరు మరిచిన కుటుంబానికి తమ ఊరు, తమ వాళ్ళు వెతికినా దొరకరు.

కాబట్టి ఒక మనవి. మీ ఇంటి కొట్టంలో పాత మోటారు ఉంటే ముందు పలకను తుడిచి ఫోటో తీసి పెట్టుకోండి. రంగు వేసేవాళ్ళకు ఆ పలక ముట్టుకోవద్దని చెప్పండి. అలాగే పెద్దవాళ్ళను అడిగి ఇంటిపేరు, పాత ఊరి పేరు ఒక నోటుబుక్కులో రాసి పిల్లల చేతికి ఇవ్వండి.