క్లోమ గ్రంథి పనితీరుపై వృద్ధి కారకాల ప్రభావం

జీర్ణాశయం వెనుక అడ్డంగా, సుమారు 15 సెంటీమీటర్ల పొడవున అమరి ఉండే గ్రంథి క్లోమం. ఆహారాన్ని జీర్ణం చేసే ఎంజైములను ఇది చిన్నప్రేగులోకి పంపుతుంది. రక్తంలో చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్, గ్లూకగాన్ హార్మోన్లను నేరుగా రక్తంలోకి విడుదల చేస్తుంది. ఈ కణాలు ఎప్పుడు విభజన చెందాలో, గాయమైతే ఎలా కోలుకోవాలో తెలిపే ప్రోటీన్ సంకేతాలలో ముఖ్యమైనవి వృద్ధి కారకాలు. వీటి ఆవిష్కరణకు రీటా లెవీ మోంటాల్చిని, స్టాన్లీ కోహెన్‌లకు 1986లో నోబెల్ బహుమతి లభించింది.

నిర్మాణ దశ

గర్భస్థ దశలో పరిసర కణజాలం నుంచి వెలువడే ఫైబ్రోబ్లాస్ట్ గ్రోత్ ఫ్యాక్టర్-10 క్లోమ కణాల సంఖ్యను పెంచుతుంది. ఈ కారకం లోపించిన ఎలుకల్లో క్లోమం సరిగా ఎదగదు. బీటా కణాలు విడుదల చేసే మరో కారకం తమ చుట్టూ సూక్ష్మ రక్తనాళాలు దట్టంగా అల్లుకునేలా చేస్తుంది. ఇన్సులిన్ వేగంగా రక్తంలో కలవడానికి ఈ అల్లికే ఆధారం.

మేలే కీడైతే

గాయపడిన క్లోమంలో స్టెల్లేట్ కణాలు చైతన్యం పొందుతాయి. ప్లేట్‌లెట్ల నుంచి లభించే వృద్ధి కారకం వాటి సంఖ్యను పెంచుతుంది. ట్రాన్స్‌ఫార్మింగ్ గ్రోత్ ఫ్యాక్టర్-బీటా వాటిచేత కొల్లాజెన్ తయారు చేయిస్తుంది. గాయం ఒక్కసారిదైతే ఇది మరమ్మతు. మద్యం, పొగాకు, జన్యు లోపాల వల్ల గాయం పదే పదే జరిగితే మచ్చ కణజాలం పేరుకుపోతుంది. ముందు జీర్ణశక్తి, ఆపై ఇన్సులిన్ ఉత్పత్తి దెబ్బతిని మధుమేహం రావచ్చు.

ఉష్ణమండల దేశాల్లో కనిపించే, క్లోమంలో రాళ్లు ఏర్పడే వ్యాధిపై హైదరాబాద్ పరిశోధకులు 2002లో కీలక ఫలితాలు వెల్లడించారు. ఎంజైములు క్లోమాన్నే జీర్ణం చేయకుండా కాపాడే స్పింక్-1 జన్యువులోని మార్పులకు ఈ వ్యాధితో సంబంధం ఉన్నట్లు తేలింది.

సూరత్‌లోని తెలుగువారికి

తెలంగాణ జిల్లాల నుంచి సూరత్ మరమగ్గాల పరిశ్రమకు తరలివెళ్లిన తెలుగు కుటుంబాలకూ ఈ సమాచారం అవసరమైనదే. పైకడుపులో మొదలై వీపులోకి పాకే నొప్పి, జిడ్డుగా తేలే మలం, కారణం లేకుండా బరువు తగ్గడం, అతిదాహం ఉంటే గ్యాస్ నొప్పిగా భావించి మాత్రలతో సరిపెట్టుకోరాదు. నగరంలోని న్యూ సివిల్ ఆసుపత్రి వంటి ప్రభుత్వ వైద్యశాలల్లో వైద్యులను సంప్రదించాలి. కుటుంబంలో ఎవరికైనా క్లోమ వ్యాధి ఉంటే ఆ సంగతీ తెలియజేయాలి.

చికిత్సలో జాగ్రత్త

వృద్ధి కారకాలతో క్లోమాన్ని తిరిగి పెంచే మందు సాధారణ వైద్యంలో లేదు. అవే సంకేతాలు అదుపు తప్పితే క్యాన్సర్‌కు తోడ్పడగలవు. అందుకే 2005లో అమెరికా ఆమోదించిన ఎర్లోటినిబ్ ఔషధం, క్లోమ క్యాన్సర్‌లో ఒక వృద్ధి సంకేతాన్ని అడ్డుకునే పనే చేస్తుంది. మద్యపానం, ధూమపానం మానడం, చక్కెరను అదుపులో ఉంచడం, వైద్యులు సూచిస్తే ఎంజైము మాత్రలు వాడడం నేటికి అందుబాటులో ఉన్న రక్షణ మార్గాలు.