డార్క్ రూమ్ నుంచి కంప్యూటర్ దాకా: ఫోటోల మరమ్మతు కథ

ఈ ప్రత్యేక సంచికకు పాత ఫోటోలు ఏవైనా ఉంటే పంపవలసిందిగా మన కార్యదర్శి గారు కోరినప్పుడు, బీరువా అడుగున ఉన్న 1974 నాటి గ్రూపు ఫోటో ఒకటి బయటికి తీశాను. మా సూపరింటెండెంటు గారి పదవీ విరమణ నాడు ఆఫీసు వరండాలో తీసినది. నేను చేరి అప్పటికి రెండేళ్ళు. కుడి పక్కంతా చెమ్మ పట్టి గోధుమ రంగు మరకలు పడ్డాయి. ఒక షాపులో ఇచ్చి బాగు చేయించాను. అద్దంలా వచ్చింది. నెలవారీ సమావేశంలో అందరికీ చూపించి మురిసిపోయాను కూడా. మన సభ్యురాలు ఒకామె మాత్రం దాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని, "మా నాయన ఏడీ సార్?" అన్నారు.

ఆమె తండ్రి మా ఆఫీసు అటెండరు. కుడి చివర నిలబడ్డారు. మరకతో పాటు మనిషినీ తీసేసి, అక్కడ గోడా, ఒక క్రోటన్ల కుండీ పెట్టారు! అడిగితే "చివర్లోనే కదండీ ఉన్నాడు" అన్నారు. అసలు ఫోటో నా దగ్గరే ఉండబట్టి సరిపోయింది. ఈ పని నేనే నేర్చుకుంటానని ఆమెకు మాట ఇచ్చాను. నేర్చుకుంటూ దీని చరిత్ర కూడా కొంత చదివాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

ఫోటోను దిద్దడం కంప్యూటర్‌తో పుట్టిన విద్య కాదు. 1839లో ఫోటోగ్రఫీ లోకానికి వెల్లడైతే, 1855 పారిస్ ప్రదర్శనలోనే మ్యూనిక్ నగరానికి చెందిన ఫ్రాంజ్ హాన్‌ఫ్‌స్టేంగల్, టచింగ్ చేయని ఫోటోనూ చేసిన ఫోటోనూ పక్కపక్కన పెట్టి చూపాడని చరిత్రకారులు చెబుతారు. మన ఊళ్ళ స్టూడియోల్లో ఈ టచింగ్ చూసినవారు మనలో చాలామందే ఉంటారు. వెనక నుంచి వెలుతురు పడే బల్ల మీద నెగెటివ్ పెట్టుకుని, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో ముఖం మీది ముడతలపై సన్నగా గీసేవారు. నెగెటివ్‌లో ముడత తేటగా ఉంటుంది. దాని మీద పెన్సిల్ పడితే ఆ మేరకు వెలుతురు ఆగి, కాగితం మీద ముడత తెల్లబడుతుంది. నల్లగా రావాలంటే కత్తి మొనతో గీకేవారు. పెళ్ళిచూపుల ఫోటోల్లో మనమంతా అంత నున్నగా ఉండటానికి కారణం ఇదే.

హైదరాబాద్ మాట వచ్చినప్పుడు రాజా దీనదయాళ్ గారిని తలచుకోకుండా ఉండలేం. మీరట్ దగ్గర సర్ధానాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్ పబ్లిక్ వర్క్స్ శాఖలో ఎస్టిమేటరుగా, డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశారు. అంటే మనలాంటి ఉద్యోగే. సెలవు పెట్టి కెమెరా పట్టుకుని తిరిగి, చివరకు ఉద్యోగం విడిచి సికింద్రాబాద్‌లో స్టూడియో నెలకొల్పారు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫోటోగ్రాఫరయ్యారు. 1892లో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. 1905లో కన్నుమూశారు.

టచింగ్‌కు చీకటి ముఖం కూడా ఉంది. మాస్కో కాలువ గట్టున స్టాలిన్ పక్కన నడుస్తున్న యెజోవ్ అనే పోలీసు అధికారి 1940లో మరణశిక్షకు గురయ్యాక, అదే ఫోటోలో అతని చోట నీళ్ళు వచ్చాయి. మా ఫోటోలో క్రోటన్ల కుండీ వచ్చినట్టే!

ఇక కంప్యూటర్ సంగతి. 1957లో అమెరికా ప్రామాణికాల సంస్థలో రస్సెల్ కిర్ష్ అనే ఆయన మూడు నెలల తన కొడుకు ఫోటోను తొలిసారి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. అడ్డం 176, నిలువు 176 చుక్కలు, మొత్తం 30,976. నేను మా గ్రూపు ఫోటోను అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేయిస్తే, నాలుగంగుళాలకు ఆరంగుళాల కాగితం మీద 86 లక్షల చుక్కలు తేలాయి. 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ చేసిన తొలి డిజిటల్ కెమెరా ఒక్క బొమ్మను క్యాసెట్టు మీదకు ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకునేది.

ఫోటోషాప్ పుట్టుక ఇంకా ముచ్చటైనది. మిషిగన్‌లో ప్రొఫెసరు గ్లెన్ నోల్ ఇంట్లో డార్క్ రూమ్ ఉండేది. ఆయన కొడుకు థామస్ పిహెచ్.డి. చేస్తూ 1987లో కంప్యూటర్‌పై బొమ్మలు చూపే చిన్న ప్రోగ్రాం రాశాడు. సినిమా ట్రిక్కుల సంస్థలో పనిచేసే తమ్ముడు జాన్ దాన్ని పెంచమన్నాడు. అడోబీ కంపెనీ 1990 ఫిబ్రవరిలో విడుదల చేసింది. మన హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివిన శంతను నారాయణ్ 2007లో అదే కంపెనీకి అధిపతి అయ్యారు. అన్నదమ్ములు డార్క్ రూమును మరచిపోలేదు. ఎన్లార్జరు కింద తీగకు గుచ్చిన అట్టముక్క అడ్డుపెడితే ఆ భాగం తెల్లబడేది, చేతులు దోసిలిలా పెట్టి కొద్ది చోటే వెలుతురు పడనిస్తే నల్లబడేది. ఫోటోషాప్‌లో ఈ పనులు చేసే గుర్తులు ఇప్పటికీ ఆ అట్టముక్క, ఆ చెయ్యే.

అయితే ఫోటోషాప్‌కు 2013 నుంచి నెలనెలా చందా కట్టాలి. పెన్షనరుకు అది దండగ. కాలిఫోర్నియాలో ఇద్దరు విద్యార్థులు 1995లో మొదలుపెట్టిన 'గింప్' ఉచితం. నేను మా మనవరాలి దగ్గర నేర్చుకున్నది అదే. ఆ పిల్ల నాకు పెట్టిన మొదటి షరతు: అసలు ఫైలును ముట్టుకోకూడదు, నకలు తీసి వేరే పేరు పెట్టుకుని దాని మీదే పని చేయాలి. మన ఆఫీసు ఫైళ్ళ పద్ధతి కూడా ఇదే కదా! రెండోది, పని సాగుతున్నంత కాలం గింప్ సొంత పద్ధతిలోనే భద్రపరచాలి. జేపెగ్‌గా భద్రపరచిన ప్రతిసారీ నాణ్యత కొంత పోతుంది.

మరకలకు ఒక ఉపాయం దొరికింది. నలుపు తెలుపు ఫోటోనైనా రంగుల్లోనే స్కాన్ చేయించాలి. కంప్యూటర్ దాన్ని ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు పొరలుగా దాచుకుంటుంది. గోధుమ రంగు మరక నీలం పొరలో నల్లగా కనిపిస్తుంది, ఎరుపు పొరలో దాదాపు మాయమవుతుంది. ఎరుపు పొరను మాత్రం విడదీసి చూస్తే, యాభై ఏళ్ళ నాటి ఆ అటెండరు గారి ముఖం మరక కింద నుంచి తేలి వచ్చింది. మా ఆవిడను కేకేసి చూపించాను. మిగిలిన గీతలను 'క్లోన్' అనే పరికరంతో, పక్కనున్న చోటు నుంచి కొంచెం కొంచెం తెచ్చి పూడ్చాను. పన్నెండు రోజులు పట్టింది. కళ్ళు మండేవి.

కుడి చెవి దగ్గర మాత్రం కాగితం పొరే ఊడిపోయింది. అక్కడ దిద్దడానికి ఏమీ లేదు. 2023 నుంచి కృత్రిమ మేధతో లేని భాగాన్ని కల్పించే సదుపాయం వచ్చింది, పెడదామా అని మనవరాలు అడిగింది. వద్దన్నాను. అది ఎవరి చెవో మాకు తెలియదు.

దిద్దిన ఫోటో మొదటి ప్రతిని ఆమె ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చాను. రెండోది ఈ సంచికకు పంపాను. కుడి చివర ఖాకీ చొక్కాతో, చెవి దగ్గర తెల్ల మచ్చతో నిలబడ్డది ఆయనే.