సీఎస్ఆర్: దానం వేరు, బాధ్యత వేరు

రబ్బరు ఫ్యాక్టరీ కావచ్చు, రసాయనాల ఫ్యాక్టరీ కావచ్చు. ఊళ్లో మంచినీళ్ల ప్లాంటు పెట్టి, బడికి బెంచీలిచ్చి ‘సామాజిక బాధ్యత’ అని బోర్డు కడతారు. చట్టంలో ఆ మాటకు హద్దులున్నాయి.

సీఎస్ఆర్ అంటే: 2013 కంపెనీల చట్టం సెక్షన్ 135 కింద, 1000 కోట్ల టర్నోవర్ లేదా 500 కోట్ల నికర విలువ లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. అయితే ఇతర చట్టాల ప్రకారం ఎలాగూ చేయాల్సిన పనులు, సొంత ఉద్యోగులకే మేలు చేసే పనులు ఇందులోకి రావు. అంటే వ్యర్థజలాల శుద్ధి, కార్మికుల రక్షణ సీఎస్ఆర్ కాదు. అవి కంపెనీ తప్పనిసరి విధులు.

కార్మికుడి ఒళ్లు: రబ్బరు తయారీ పనిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది. మిక్సింగ్ దగ్గరి దుమ్ము, రబ్బరు ఉడికేటప్పటి పొగ మొదట తగిలేది కార్మికుడికే.

మన దగ్గర: 2017 మార్చి 30న మొగల్తూరులో రొయ్యల ఫ్యాక్టరీ ట్యాంకు శుభ్రం చేస్తూ విషవాయువుకు ఐదుగురు కార్మికులు చనిపోయారు. 2022 ఏప్రిల్ 13 రాత్రి ఏలూరు జిల్లా అక్కిరెడ్డిగూడెంలోని రసాయన పరిశ్రమలో ప్రమాదం జరిగి ఆరుగురు చనిపోయారు. నలుగురు బిహార్ వలస కార్మికులు. కొల్లేరు 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల. పట్టణాల, పరిశ్రమల మురుగు దానిలోకే చేరుతోంది. 1970లలో దళితులకు, మత్స్యకారులకు సంఘాలుగా చెరువులిచ్చారు. 2006లో అభయారణ్యం పేరున ఐదో కాంటూరు లోపలి చెరువు గట్లు తెంచారు. గట్లు తెంచిన చట్టం మురుగు పంపేవారికీ వర్తించాలి కదా!

చేతిలో ఉన్న చట్టాలు:

• దళితులు, ఆదివాసీలు మామూలుగా వాడుకునే నీటిని ఇతరులు పాడుచేస్తే అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)(ఎక్స్) కింద నేరం.

• 1986లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సంపూర్ణ బాధ్యత సూత్రం ప్రకారం, ప్రమాదకర పరిశ్రమ ‘జాగ్రత్తలు తీసుకున్నాం’ అని తప్పించుకోలేదు, నష్టపరిహారం ఇవ్వాల్సిందే.

• 2006 పర్యావరణ నోటిఫికేషన్ కింద జరిగే ప్రజాభిప్రాయ సేకరణలో, చివర సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలి. మీరు చెప్పింది అందులో లేకపోతే అక్కడే అడగండి.

బెంచీలు తీసుకోవడం తప్పు కాదు. వాటికి బదులుగా నోరు మూసుకోమంటేనే తప్పు.