పొదగని పెట్ట, పొదిగే పెట్టె

ఢిల్లీ పక్కన మేముండే వైశాలికి కూతవేటు దూరంలో గాజీపూర్ మండీ. ఒక పక్క కోళ్లు, మరో పక్క చేపలు. మన ఆంధ్ర చెరువుల చేపలు కూడా మంచులో మునిగి అక్కడికి వస్తాయి. అవి వచ్చిన థర్మోకోల్ పెట్టె ఒకటి అడిగి తెచ్చి, వాసన పోయేదాకా కడిగి ఎండబెట్టాను. లోపల 60 వాట్ల బల్బు, పాత కంప్యూటర్ ఫ్యాను, గిన్నెడు నీళ్లు, బల్బును ఆర్పి వెలిగించే చిన్న థర్మోస్టాట్ పెట్టాను. ఊరి నుంచి తెచ్చిన 11 నాటుకోడి గుడ్లను ఒకరోజు కదలకుండా ఉంచి అందులో సర్దాను. మండీ గుడ్లు ఇందుకు పనికిరావు. పుంజులు లేని ఫారాల్లో పెట్టినవి, వాటిలో పిల్ల ఉండదు.

మా అమ్మమ్మకు ఇవేవీ అక్కర్లేదు. పెట్ట ఈకలు ఉబ్బించుకుని, గూడు దిగకుండా, చెయ్యి పెడితే పొడుస్తుంటే పొదుగుకొచ్చిందని ఆమెకు తెలిసిపోయేది. పాత తట్టలో కోడిపేలు పట్టకుండా బూడిద చల్లి, పైన వరిగడ్డి పరిచి, చీకటి మూలన గుడ్లు పెట్టేది. మీద మేదరి అల్లిన వెదురు గంప బోర్లించేది. రోజుకోసారి గంప ఎత్తితే పెట్ట బయటికొచ్చి, నాలుగు నూకలు తిని, నీళ్లు తాగి, మళ్లీ తనే వెళ్లి కూర్చునేది. 21వ రోజుకు పిల్లలు. ఆ తర్వాత అదే గంప వాటిని గద్ద నుంచి, పిల్లి నుంచి కాసేది.

మరి పెట్టె ఎందుకొచ్చింది? పెట్ట పొదగడం మానేసింది కనక. మనమే మాన్పించాం. పొదుగుకు కూర్చున్న కోడి గుడ్లు పెట్టదు. పిల్లల్ని పెంచినన్నాళ్లూ పెట్టదు. ఏడాదికి 300 గుడ్లు కావాలనుకున్నవాళ్లు కూర్చోని కోళ్లనే ఏరి ఏరి పెంచారు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో 1988లో మొదలైన కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం వనరాజా, గ్రామప్రియ కోళ్లను తీసుకొచ్చింది. పల్లెల్లో వాటివల్ల ఆదాయం పెరిగింది, కాదనను. కానీ వాటికీ పొదుగు బుద్ధి లేదు. వాటి గుడ్లు పిల్లలు కావాలంటే నాటుపెట్ట కిందైనా పెట్టాలి, పెట్టెలోనైనా పెట్టాలి.

పెట్ట లేకుండా పొదిగించడం మాత్రం చాలా పాత విద్య. ఈజిప్టులో పేడ కుప్పల్లో గుడ్లు పిల్లలవుతాయని అరిస్టాటిల్ రాశాడు. అక్కడి మట్టి పొయ్యిల్లో వేల గుడ్లు ఒకేసారి పొదిగించేవారు. వేడి సరిపోయిందో లేదో చూడటానికి గుడ్డును కనురెప్పకు ఆనించుకునేవారు! ఆ విద్య కొన్ని కుటుంబాల చేతుల్లోనే ఉండేది. ఫ్రాన్సులో రియామూర్ గుర్రపు లద్దెలో పీపాలు పాతి అదే పని చేయబోయి, 1749లో దానిమీద పుస్తకమే అచ్చు వేయించాడు. కాలిఫోర్నియాలోని పెటలూమాలో 1879లో లైమన్ బైస్ తయారుచేసిన పొదుగు యంత్రం ఆ ఊరిని గుడ్ల ఊరుగా మార్చేసింది.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది డ్రెబెల్ కథ. 17వ శతాబ్దం మొదట్లో ఈ డచ్చి మనిషి పొదుగు పెట్టె కోసమే గాజు గొట్టంలో మద్యసారం, పాదరసం పోసి ఒక ఏర్పాటు చేశాడు. వేడెక్కితే మద్యసారం ఉబ్బి పాదరసాన్ని తోస్తుంది, అది మంటకు గాలి అందే దారి మూస్తుంది. చల్లబడితే దారి తెరుచుకుంటుంది. ఇస్త్రీపెట్టెలో, ఫ్రిజ్‌లో, ఏసీలో ఇవాళ పనిచేస్తున్న థర్మోస్టాట్‌కు పూర్వీకుడు కోడిగుడ్ల పక్కనే పుట్టాడన్నమాట.

గుడ్డుకు కావలసింది 37.5 డిగ్రీలు. ఢిల్లీలో మే నెల వస్తే బయటే 40 దాటుతుంది. బల్బు ఆరిపోయినా పెట్టె చల్లబడదు. పైగా లూ అనే వడగాలికి గిన్నెలో నీళ్లు చూస్తుండగానే ఇగిరిపోతాయి. అందుకే నేను ఫాల్గుణంలో మొదలుపెట్టాను. గుడ్డుకు ఒక పక్క పెన్సిల్‌తో ఇంటూ గుర్తు, రెండో పక్క సున్నా గీసి రోజుకు ఐదుసార్లు తిప్పాను. తిప్పకపోతే లోపలి పిండం పొరకు అంటుకుపోతుంది. ఈ పని పెట్ట ముక్కుతో రాత్రీ పగలూ చేస్తూనే ఉంటుంది. 18వ రోజు నుంచి తిప్పడం ఆపి నీళ్లు పెంచాలి. నడుమ ఒక రాత్రి కరెంటు పోతే వేడినీళ్ల సీసాలు పక్కన పెట్టి రజాయి కప్పి కూర్చున్నాను.

11లో 6 పిల్లలయ్యాయి. గంప దొరకలేదు. పళ్ల వ్యాపారి దగ్గర వెదురు బుట్ట కొని, బోర్లించి, అడుగు కోసి తాడుతో బల్బు వేలాడదీశాను. పిల్లలన్నీ బల్బు కింద ముద్దగా చేరితే చలి. అంచులకు పారిపోతే వేడెక్కువ. రెండుసార్లు తాడు ఎత్తి దించాక, బుట్ట అంతా తలో చోట పడుకుని నిద్రపోయాయి.